టోల్ గేటు దగ్గర 'సార్‌ని రమ్మనండి'

(జిల్లా మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రెండు రోజుల్లో మీరు గృహహింస చట్టం గురించి, భూమి పట్టాల గురించి, పని స్థలాల్లో వేధింపుల గురించి విన్నారు. నన్ను 'స్త్రీలు - రవాణా' అనే అంశం మీద మాట్లాడమన్నారు. టోల్ గేటు గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం నవ్వారు. "కార్లున్నవాళ్ల బాధలు మనకెందుకండీ?" అని ఒక మిత్రురాలు మొహమాటం లేకుండా అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే ముందు నా కారు సంగతి చెప్పి, తర్వాత కారు లేని ఒక స్త్రీ సంగతి చెబుతాను. రెండింటిలోనూ ఉన్నది ఒకే సమస్య అని నా వాదన.

నేను పని చేసే పల్లెలు మా ఊరి నుంచి జాతీయ రహదారి మీదుగా వెళ్లాలి. మా ఇంటికీ టోల్ గేటుకీ మధ్య దూరం తొమ్మిది కిలోమీటర్లు. కారు నడిపేది నేను. పెట్రోలు పోయించేది, టైరుకి పంచరైతే రోడ్డు పక్కన నిలబడేది నేను. నా భర్త ఉద్యోగం హైదరాబాదులో. కొన్నప్పుడు అప్పు ఆయన జీతం మీద తీసుకున్నాం కాబట్టి బండి ఆయన పేరున ఉంది. ఇందులో వింతేమీ నాకు కనిపించలేదు. స్త్రీల ఆస్తి హక్కుల మీద నేనే పాఠాలు చెబుతాను. అయినా ఆరేళ్ల పాటు ఆ ఆర్‌సీ కార్డు మీద పేరు ఎవరిదని ఆలోచించలేదు.

వెళ్లి రావడానికి రోజుకి 130 రూపాయలు పడేది. నెలకి ఇరవై రోజులు తిరిగితే 2,600. గేటుకి ఇరవై కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లకి నెల పాసు ఉంటుందని, 2025-26లో అది 350 రూపాయలని తెలిసి కౌంటరు దగ్గరికి వెళ్లాను. అక్కడ కూర్చున్న అమ్మాయి మర్యాదగానే అడిగింది.

"ఆర్‌సీ ఎవరి పేరున ఉంది మేడమ్?"

"మా ఆయన పేరున."

"అయితే సార్‌ని రమ్మనండి. సార్ ఆధార్ కావాలి."

సార్ ఆధార్‌లో హైదరాబాదు చిరునామా ఉంది. అంటే గేటుకి దగ్గర్లో ఉన్న మనిషి పేరున బండి లేదు, పేరున బండి ఉన్న మనిషి గేటుకి దగ్గర్లో లేడు. పాసు రాదు.

ఆ నెలలోనే ఒకే దాటింపుకి నాలుగు నిమిషాల తేడాలో రెండుసార్లు డబ్బు పోయింది. ఆ సంగతి నాకు తెలిసింది రాత్రి, ఆయన ఫోను చేసినప్పుడు. మెసేజీలు ఆయన ఫోనుకి వెళ్తాయి కదా. "పోనీలే, ఎనభై అయిదు రూపాయలే కదా" అన్నారాయన. మంచితనంతో అన్న మాటే. నేను బ్యాంకుకి ఫోను చేస్తే "రిజిస్టర్ అయిన కస్టమర్‌తో మాట్లాడించండి" అన్నారు. చివరికి ఆయనతో ఫోను చేయిస్తే ఆ 85 రూపాయలూ తిరిగొచ్చాయి. బండి నడిపింది నేను, మోసపోయింది నేను. అడగడానికి మాత్రం నేను పనికిరాలేదు.

మా నాయనమ్మ - ఆశీలు

మా నాయనమ్మ సంతలో కూరగాయలు అమ్మేది. మీలో చాలామందికి సంత ఆశీలు తెలుసు, తెలంగాణ మిత్రులు తైబజారు అంటారు. పాట పాడుకున్న కాంట్రాక్టరు మనిషి వచ్చి బుట్టకింతని వసూలు చేసేవాడు. డబ్బు తీసుకున్నాక రెండు వంకాయలు కూడా చేతిలో వేసుకునేవాడు. నాయనమ్మ ఊరుకునేది కాదు. "చీటీ ఇయ్యి, డబ్బు తీసుకో. కాయ ముట్టుకోకు" అనేది. చదువు లేదు, ఆస్తి లేదు. కానీ నెత్తి మీద బుట్ట ఆమెది. కట్టేదీ ఆమే, దెబ్బలాడేదీ ఆమే. "మీ ఆయన్ని పిలువు, అతనితో మాట్లాడతా" అనే ధైర్యం ఆశీలు వాడికి లేదు.

ఆ వసూలు బాగుండేదని నేను అనడం లేదు. ఒక్క తేడా గమనించమంటున్నాను. అప్పుడు డబ్బు ఇచ్చే చెయ్యీ, ప్రశ్నించే నోరూ ఒకే మనిషివి. ఇప్పుడు గేటు పైనున్న యంత్రం అద్దం మీద అంటించిన స్టిక్కరును చదువుతుంది. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల మీద ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. ఆ స్టిక్కరు వెనక ఒక ఆర్‌సీ, ఒక బ్యాంకు, ఒక ఫోను నంబరు ఉంటాయి. మన ఇళ్లలో ఆ మూడూ ఎక్కువగా మగవాళ్లవే. యంత్రానికి ఆడా మగా తేడా తెలియదు నిజమే. కానీ దానికి మనం ఇచ్చిన కాగితాలకి ఆ తేడా తెలుసు.

పూల బండి

ఇప్పుడు రెండో సంగతి. మా ప్రాంతంలో ఒక స్త్రీ మల్లెలు, కనకాంబరాలు చుట్టుపక్కల తోటల నుంచి పోగు చేసి పట్నం మార్కెట్టుకి వేసేది. మొదట షేర్ ఆటోలో బుట్టలు పెట్టుకుని వెళ్లేది. జాతీయ రహదారుల గేట్ల దగ్గర స్కూటర్లకీ, మూడు చక్రాల ఆటోలకీ మామూలుగా టోల్ ఉండదు కాబట్టి ఆమెకి ఆ గేటుతో పని పడలేదు. మన స్త్రీలలో ఎక్కువమంది పరిస్థితి ఇదే. వెనక సీటు మీదో, ఆటోలోనో గేటు పక్క సందులోంచి వెళ్లిపోతాం. వ్యాపారం కాస్త పెరిగి నాలుగు చక్రాల ట్రాలీ కొన్న రోజున టోల్ గేటు ఎదురవుతుంది.

ట్రాలీకి అప్పు పొదుపు సంఘం ద్వారా ఆమె పేరున వచ్చింది. బండి భర్త పేరున రిజిస్టరు చేయించారు. "డ్రైవింగు లైసెన్సు ఆయనకే ఉంది కదా మేడమ్" అంది. బండి కొనడానికి లైసెన్సు ఉండాలని ఏ చట్టమూ చెప్పదు. ఆ మాట ఆమెకి షోరూములోనూ ఎవరూ చెప్పలేదు, సంఘంలోనూ ఎవరూ చెప్పలేదు. ఇందులో మన తప్పు కూడా ఉంది.

2025 వేసవికి ముందు భర్త చనిపోయాడు. అతని ఫోను మరిది తీసుకున్నాడు. ఫాస్టాగ్‌కి గుర్తింపు కాగితాలు కొత్తగా ఇవ్వాల్సి వచ్చింది. ఓటీపీ మరిది చేతిలో ఉన్న ఫోనుకి వెళ్లేది. అతను చెప్పేవాడు కాదు. ట్యాగ్ ఆగిపోయింది. అప్పటి నియమం ప్రకారం పనిచేసే ట్యాగ్ లేని బండికి రెట్టింపు రుసుము. అదే జిల్లాలో రిజిస్టరయిన వాణిజ్య వాహనంగా ఆమెకి సగం రుసుము, 70 రూపాయలు పడేది. ఇప్పుడు పూర్తి రుసుముకి రెట్టింపు, 280. పూలతో పోయేటప్పుడు ఒకసారి, ఖాళీ బుట్టలతో వచ్చేటప్పుడు ఒకసారి. రోజుకి 140 ఇచ్చే చోట 560. మల్లెల సీజను లాభం గేటు దగ్గరే పోతోంది.

ఆమె తమ్ముడు బండి నడిపేవాడు. టోల్ తప్పించుకోవడానికి తెల్లవారుజామున మూడున్నరకి కాలవ గట్టు మీది దారి పట్టారు. దీపాలు లేవు, ఒక పక్క నీళ్లు. ఒకసారి చక్రం జారి బండి గట్టు అంచున ఆగింది. ఆ తర్వాత ఆమె నా దగ్గరికి వచ్చి అడిగిన మాట నేను మరిచిపోలేను: "అప్పు నా పేరున, బండి ఆయన పేరున. ఈ జరిమానా ఎవరి పేరున మేడమ్?"

బండి పేరు మార్పుకి అత్తగారి సంతకం కావాలి, ఎందుకంటే కొడుకు ఆస్తిలో తల్లి కూడా వారసురాలు. అన్నదమ్ములకి భార్యాబిడ్డలూ తల్లీ ఉండగా వాటా రాదు. అయినా "బండి మా అన్నది" అంటూ అత్తగారిని సంతకం పెట్టనివ్వనిది మరిదే. రెండున్నర నెలలు ఇలా గడిచాయి. చివరికి సంఘంలోని ఆడవాళ్లు అప్పు పుస్తకం పట్టుకుని ఆ ఇంటికి వెళ్లారు. వాయిదాలు ఎవరు కట్టారో అత్తగారికి చదివి వినిపించారు. ఆమె వేలిముద్ర వేసింది. ఫారం 31 దాఖలైంది, బండి ఆమె పేరుకి మారింది, కొత్త ట్యాగ్ ఆమె ఫోను నంబరు మీద వచ్చింది. గేటు దగ్గర పోయిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

నా 85 రూపాయలకీ ఆమె పూల డబ్బుకీ పోలిక లేదని నాకు తెలుసు. నాకు అది చికాకు, ఆమెకి అది బతుకు. కానీ ఇద్దరినీ ఆపింది ఒకే మాట, 'సార్‌ని రమ్మనండి'. ఆమె విషయంలో ఆ సార్ ఇక రాడు.

రెబెకా కూతుళ్లు

సుంకం గేటు దగ్గర తగాదా కొత్తది కాదు, మన ఒక్క దేశానిదీ కాదు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో 1839 నుంచి 1843 వరకు ఒక తిరుగుబాటు జరిగింది. పొలాలకి సున్నం తోలుకునే చిన్న రైతులు ఊరూరా గేట్ల దగ్గర సుంకం కట్టలేక రాత్రిపూట గేట్లు విరగ్గొట్టారు. వాళ్లు ఆడవాళ్ల బట్టలు కట్టుకుని, నాయకుడిని 'రెబెకా' అని, మిగిలినవారిని ఆమె కూతుళ్లని పిలుచుకున్నారు. అందరూ మగవాళ్లే. ప్రభుత్వం విచారణ జరిపింది. 1844లో చట్టం మార్చి, సున్నం బండ్ల మీద సుంకం సగానికి తగ్గించారు. అంటే స్థానికుల పోరాటం ఫలించింది.

ఆ కథలో నన్ను ఆపిన సంగతి మరొకటి. 1843 సెప్టెంబరులో హెండీ అనే చోట గేటు మీద దాడిలో ఒక మనిషి చనిపోయింది. ఆమె ఆ గేటు కాపలాదారు సారా విలియమ్స్, వృద్ధురాలు. ఆడవాళ్ల వేషంలో వచ్చినవాళ్ల దాడిలో పోయింది నిజంగా ఆడమనిషి ప్రాణం. గేటులో కూర్చున్నది వసూలు చేసే కంపెనీ కాదు, కూలికి పనిచేసే మనిషి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇవాళ మన టోల్ బూతుల్లో కూర్చునేవాళ్లలో చాలామంది పక్క పల్లెల అమ్మాయిలే. కాంట్రాక్టు ఉద్యోగం, పొగ, హారన్ల మోత, రాత్రి షిఫ్టు. రుసుము నిర్ణయించేది ఆమె కాదు, యంత్రం చెడితే ఆమె బాధ్యత కాదు. తిట్లు మాత్రం ఆమెకి. కారులోని మగవాళ్లు అద్దం దించి ఏం మాటలంటారో ఆ అమ్మాయిల్ని అడగండి. మన తగాదా కిటికీలోని ఆ అమ్మాయితో కాదు, ఆమె వెనకున్న మేనేజరుతో, కాంట్రాక్టరుతో, రహదారి అధికారులతో.

నియమం ఏమంటోంది

ఇక చట్టం సంగతి. జాతీయ రహదారుల రుసుము నియమాలు 2008లో వచ్చాయి. స్థానిక నెల పాసుకి ఆధారం అందులోని తొమ్మిదో నియమం. సొంత వాడకం బండికి 2007-08 సంవత్సరం లెక్కన నెలకి 150 రూపాయలు, ఏటా సవరిస్తూ వస్తారు. పక్కన సర్వీసు రోడ్డో, వేరే దారో ఉంటే పాసు ఇవ్వనక్కరలేదన్న మెలిక కూడా ఉంది.

ఆ నియమాన్ని నేను మళ్లీ మళ్లీ చదివాను. అది 'బండి కలిగిన వ్యక్తి' అనే మొదలవుతుంది. కానీ ఇరవై కిలోమీటర్ల లోపు ఎవరు నివసించాలి అన్న చోటికి వచ్చేసరికి డ్రైవరు గానీ, యజమాని గానీ, బండి బాధ్యత చూసే మనిషి గానీ అంటుంది. అంటే నివాసం యజమానిదే కావాలని నియమం అనలేదు. కౌంటరు దగ్గర అంటున్నారు. ఈ తేడా మనకి చాలా ముఖ్యం. నేను ఆ భాగాన్ని కాపీ తీసి, తెలుగులో అర్థం రాసి, దరఖాస్తుకి జతచేసి మేనేజరుకి ఇచ్చాను. మూడోసారి వెళ్లినప్పుడు పాసు ఇచ్చారు. అయితే "సార్ దగ్గర అభ్యంతరం లేదని ఒక కాగితం రాయించుకు రండి" అన్నారు. గెలుపులో కూడా మగవాడి సంతకం ఒకటి. తర్వాత ఫారం 29, ఫారం 30 పెట్టి బండి నా పేరుకి మార్పించుకున్నాను.

వాణిజ్య వాహనాల సగం రుసుములో ఇంకో చిక్కుంది. ఆ తగ్గింపు గేటు ఉన్న జిల్లాలో రిజిస్టరయిన బండ్లకి, నేషనల్ పర్మిట్ లేనివాటికి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2016లోనే జిల్లాలు చీలాయి. నిన్నటి దాకా ఒకే జిల్లాలో ఉన్న ఊరూ గేటూ ఇవాళ వేరు వేరు జిల్లాల్లో ఉండొచ్చు. పైగా ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి కొత్త బండ్లన్నిటికీ రాష్ట్రమంతా ఒకే వరస, ఏపీ 39తో మొదలుపెట్టి, నంబర్లు ఇస్తున్నారు. నంబరు పలక చూసి జిల్లా చెప్పలేరు. ఆర్‌సీ చూపించాల్సిందే. ఆ ఆర్‌సీ ఇంట్లో బీరువాలో, తాళం మగవాళ్ల దగ్గర ఉంటే తగ్గింపు రాదు.

మరో మాట. 2025 ఆగస్టు 15న రెండు పాసులు మొదలయ్యాయి. సొంత కార్లవాళ్లకి అప్పట్లో 3,000 రూపాయలతో ఏడాది లేదా 200 దాటింపులు, ఏది ముందయితే అది. అదే రోజున ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకి ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచే ఉన్నది. ఒకటి కారున్నవాళ్లకి, ఒకటి బస్సెక్కేవాళ్లకి. మధ్యలో ఉన్న ట్రాలీ స్త్రీకి ఈ రెండూ వర్తించవు. తెల్లవారుజామున పూల బుట్టలు ఏ బస్సు ఎక్కించుకుంటుంది? రోజూ గేటు దాటే స్థానికులకి ఏడాది పాసు కన్నా నెల పాసే మేలు. రోజుకి రెండుసార్లు దాటితే ఆ 200 దాటింపులు వంద రోజుల్లో అయిపోతాయి.

ఎలా అడగాలి

కార్యకర్తలుగా మనం చేయగలిగినవి చెబుతాను. రాసుకోండి.

ఒకటి. ట్యాగ్ బాగుండి, డబ్బుండి, గేటు యంత్రం చదవకపోతే రుసుము కట్టనక్కరలేదు. సున్నా రసీదు ఇచ్చి పంపాలని 2018లో నియమం సవరించారు. వెనక బండ్లు హారన్లు కొడుతుంటే ఆడవాళ్లం కంగారుపడి డబ్బు ఇచ్చేస్తాం. కంగారుపడొద్దు, రసీదు అడగండి. ట్యాగ్ లేకపోతే మాత్రం 2025లో నగదు అయితే రెట్టింపు ఉండేది. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు వంతే. ఈ మార్పు ముందే వచ్చుంటే మన పూల స్త్రీకి చాలా మిగిలేది.

రెండు. తప్పుగా డబ్బు పోతే ఆ రోజే 1033కి ఫోను చేయండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేసే నంబరు. ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా ఇవ్వండి: తేదీ, సమయం, గేటు, బండి నంబరు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఖర్చు లేదు.

మూడు. బండి మీ పేరున లేకపోయినా మీకు నోరుంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం డబ్బు కట్టిన మనిషే కాదు, ఆ మనిషి అనుమతితో సేవ వాడుకున్నవాళ్లూ వినియోగదారులే. మీరున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. 'సార్‌ని రమ్మనండి' అనే మాటకి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

నాలుగు. గేటు దగ్గర రేట్ల బోర్డు చదివి ఫొటో తీసుకోండి. పాసుల వివరం అందులో ఉంటుంది. ఎన్ని నెల పాసులు ఇచ్చారు, ఎన్ని తిరస్కరించారు, ఏ కారణంతో అని సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగొచ్చు. అందులో స్త్రీలెందరు అని కూడా అడగండి. ఆ లెక్క ఉంచలేదని జవాబు వస్తే, అదీ మనకి పనికొచ్చే జవాబే.

అయిదు. రోడ్డు బాగా లేకుండా టోల్ ఎందుకని సమష్టిగా అడగొచ్చు. కేరళలో త్రిస్సూర్ జిల్లా పాలియెక్కర గేటు దగ్గర రోడ్డు అధ్వాన్నంగా ఉందని 2025 ఆగస్టు 6న హైకోర్టు నాలుగు వారాలు వసూలు ఆపించింది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేయలేదు. అక్టోబరులో కానీ వసూలు మళ్లీ మొదలవలేదు. గేటు విరగ్గొట్టకుండానే గేటు ఆగింది.

ఆరు. అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇది. సంఘం అప్పుతో బండి కొంటే, బండి ఆ అప్పు తీర్చే మనిషి పేరున ఉండాలని మన సంఘాలు తీర్మానం చేయాలి. ఇప్పటికే మగవాళ్ల పేరున ఉంటే, ఆర్‌సీలో నామినీగా భార్య పేరు రాయించాలి. 2021 నుంచి ఆ వెసులుబాటు ఉంది. ట్యాగ్‌కి ఇచ్చే ఫోను నంబరు బండి మీద బతికే మనిషిది కావాలి.

"ఇవన్నీ చిన్న చిన్న కాగితాలు కదా, పితృస్వామ్యం మీద పోరాటం అంటే ఇదేనా?" అని మీరు అడగొచ్చు. భూమి పట్టా కూడా కాగితమే. రేషన్ కార్డులో ఇంటి పెద్ద ఎవరన్న దాని మీద మనం ఎన్నాళ్లు కొట్లాడామో గుర్తు తెచ్చుకోండి. ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చి ఆ కార్డుకి ఇంట్లోని పెద్ద వయసు స్త్రీని పెద్దగా రాసింది. అలాంటి మాట మోటారు బండ్ల విషయంలో ఎవరూ రాయలేదు, మనం అడగలేదు కూడా. డబ్బు కట్టే చోట ఆడవాళ్ల చెయ్యి ఎప్పుడూ ఉంది. పేరు రాసే చోట లేదు.

పోయిన నెల పూల స్త్రీ కలిసింది. యంత్రం చదవలేదని ఒకరోజు గేటు దగ్గర డబ్బు అడిగారట. బండి దిగి ఆర్‌సీ చూపించి, "ఇది నా పేరే, సున్నా రసీదు ఇవ్వు తల్లీ" అన్నదట. వెనక ఆగిన లారీ వాళ్లు కేకలు వేశారట. బూతులో అమ్మాయి రసీదు ఇచ్చింది. దాన్ని ఆమె అప్పు పుస్తకంలో దాచుకుంది, నాకు చూపించింది.

రేపు ఇంటికి వెళ్లాక మీ ఇంటి బండి ఆర్‌సీ తీసి చూడండి. మీ సంఘాల్లో ఉన్న ట్రాలీలవీ, ఆటోలవీ చూడండి. అప్పు ఎవరిది, పేరు ఎవరిది, ఫోను ఎవరిది అని మూడు గళ్ల పట్టిక ఒకటి రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. అక్కడ కలిపి లెక్క చూద్దాం. ఇక మీ ప్రశ్నలు అడగండి.